హెప్సిబా వాయించిన రిలేల హాలు

నేనొక సింథసైజర్‌ని. కరెంటు లేకపోతే చెక్కముక్కతో సమానం, వేలు పడకపోతే అదీ కాదు. నా ఒంటి మీద నలభై నాలుగు మీటలు, ఇరవై ఆరు గుండీలు ఉన్నాయి. ఏ గుండీని ఎంత తిప్పితే ఏ ధ్వని పుడుతుందో పూర్తిగా తెలిసిన మనిషి నాకు ఒక్కతే తగిలింది. ఆమె పేరు పల్లేటి హెప్సిబా. కాకినాడ జగన్నాథపురంలో ఉంటుంది. ఉంటుంది అన్న మాట వత్తి చెబుతున్నాను.

నన్ను జపానులో చేశారు. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఒకామె నా తీగలు అతికి, ఒక్కో మీటా నొక్కి విని, తల ఊపి పెట్టెలో పెట్టేసింది. ఓడల్లో పనిచేసే కాకినాడ మనిషి ఒకాయన మోజుపడి కొన్నాడు. కొని, ఏం చేసుకోవాలో తెలియక రెండేళ్లు మంచం కింద దాచాడు. చివరికి పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా వాళ్లకు ఇచ్చేశాడు. నాలో లెక్కలేనన్ని ధ్వనులు పుట్టించుకోవచ్చు. వాళ్లకు మాత్రం పాములవాడి బూర ఒక్కటే కావాలి. అది మోగగానే పెళ్లికొడుకు స్నేహితులు నోట్లో జేబురుమాలు కరిచిపట్టుకుని నేల మీద పొర్లేవారు. ఆరేళ్లు అలా మనుషుల్ని పొర్లించాను.

తొంభై ఒకటిలో ఆర్కెస్ట్రాకు కొత్త కీబోర్డు వచ్చింది. నన్ను హెప్సిబా తీసుకుంది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ ఆపరేటరు. ఈ ఊరి ఫోను ఆ ఊరికి కలపడం ఆమె ఉద్యోగం. ఆపరేటర్ల గది పక్కనే యంత్రాల హాలు ఉండేదట. ఊళ్లో ఎవరు నంబరు తిప్పినా ఆ హాల్లో లైన్లు కలిపే ఇనుప రిలేలు వరసగా టకటకమని కదిలేవట. పొద్దున్న పదింటికి అందరూ ఒకేసారి ఫోన్లకు ఎగబడితే, రేకుల కప్పు మీద వాన పడ్డట్టు హాలు మొత్తం మోగేదట. తక్కినవాళ్లకు అది తలనొప్పి. హెప్సిబాకు మాత్రం అందులో తాళం వినిపించింది. కంప్యూటర్లు వస్తున్నాయి, ఆ హాలు పీకేస్తున్నారు అని తెలిశాక పై అధికారి దగ్గర అనుమతి తీసుకుని, ఒక టేప్ రికార్డరు పట్టుకెళ్లి ఆ చప్పుడంతా పట్టి తెచ్చుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు అయ్యాక నా ముందు కూర్చునేది. ఒకవైపు రిలేల టేపు తిరుగుతుండేది. దాని మీద నాతో పలికించేది. ఎంగేజ్ టోనును సాగదీసి సముద్రపు హోరుగా మార్చేది. అవతల ఎవరూ ఎత్తని ఫోను ఎలా మోగుతుందో, ఆ మోతలోని ఎదురుచూపును నా అడుగు మీటల్లో పెట్టేది. అలాంటి సంగీతాన్ని ఏమంటారో ఆమెకు తెలియదు. పక్కగదిలో వాళ్లమ్మ ఓపిగ్గా విని ఒకరోజు అడిగింది.

"ఇందాకట్నుంచీ సర్దుతానే ఉన్నావు గానీ, పాటెప్పుడు మొదలవుద్దే?"

"ఇదే పాటమ్మా," అంది హెప్సిబా నవ్వుతూ.

అలా పదకొండు క్యాసెట్లు నిండాయి. ఎవరికీ వినిపించలేదు. చర్చిలో కీర్తనలకు హార్మోనియం వాయించే మనిషి ఇంట్లో ఇలాంటివి చేస్తుందంటే సంఘంలో ఏమనుకుంటారో అని జంకు. తల్లి పోయింది. పెళ్లి మాట ఎవరూ గట్టిగా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఉద్యోగం నుంచి ముందుగా తప్పుకున్నాక తీరిక దొరికి, ఒక టేపును కంప్యూటర్లోకి ఎక్కించి ఇంటర్నెట్లో పెట్టింది. ఏడాదిలో నలభై ఒక్కమంది విన్నారు. నలభై ఒకటో మనిషి మృణాళిని.

మృణాళినికి ముప్పై ఏళ్లు ఉంటాయి. హైదరాబాదులో రెండు గదుల ఫ్లాటులో చీమ రికార్డ్స్ అని చిన్న సంస్థ నడుపుతుంది. సినిమాకూ రేడియోకూ పనికిరాని, యంత్రాలతో చేసే సంగీతం ఎక్కడ దొరికినా, మూడేసి వందల నల్లటి రికార్డులు అచ్చువేసి, ఆ పిచ్చి ఉన్నవాళ్లకు దేశదేశాలకు పంపుతుంది. ఆ అమ్మాయి రైలెక్కి కాకినాడ వచ్చి ఆరు రోజులు ఉంది. హెప్సిబా పెట్టిన చేపల పులుసు తింది, ఆమె పక్కనే చాప వేసుకుని పడుకుంది. రిలేల టేపు విన్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదు. నేను ఎదురుగానే ఉన్నాను.

కవరు మీద ఏ పేరు వేయాలని అడిగితే, మొదట హెప్సిబా తన పేరు వద్దులెమ్మంది. మర్నాడు టీ తాగుతూ మాట మార్చింది. ముప్పై ఏళ్లు దాచుకున్నాను, ఇక చాలు, పేరు వెయ్యమంది. ఒక కాగితం మీద గుండ్రంగా రాసిచ్చింది: పల్లేటి హెప్సిబా, ట్రంక్ ఆపరేటరు, కాకినాడ. మృణాళిని దాన్ని మడిచి డైరీలో పెట్టుకుంది. పదకొండు క్యాసెట్లతో పాటు నన్ను కూడా అడిగింది. హైదరాబాదులో మంచి మెకానిక్కు ఉన్నాడు, బాగుచేయించి రెండు వారాల్లో తెచ్చిస్తానంది. హెప్సిబా నన్ను పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఇచ్చినట్టు ఇచ్చింది.

హైదరాబాదులో జరిగింది మొత్తం నేను చూశాను. మృణాళిని మొదట అట్ట మీద పేరు వేసే నమూనా తయారుచేసింది. అది నిజం. తర్వాత విదేశాల్లో రికార్డులు పంపిణీ చేసే ఒకాయన ఫోను చేశాడు. వాయించింది ఎవరని అడిగితే రిటైరైన ఆపరేటరని చెప్పింది. ఎవరో తెలియకపోతే ఇంకా బావుండేది అన్నాడాయన. ఎవరివో తెలియకుండా దొరికిన టేపులకున్న ఆకర్షణ బతికున్న ఆంటీలకు ఉండదని నవ్వాడట. మృణాళిని నవ్వలేదు. వారం తర్వాత మాత్రం అట్ట మీది పేరు తీసేసింది. పేరు లేకపోతే ఎందుకు లేదో చెప్పాలి. దాని కోసం నాలుగు వాక్యాలు రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. టేపులు పాతసామాన్ల దుకాణంలో దొరికాయట. వాయించినామె ఎవరో టెలిఫోన్ ఆపరేటరట. తొంభై ఆరు తుఫానులో కోనసీమలో చనిపోయిందట. మనుషులు అబద్ధం ఆడేముందు ఇంత కష్టపడతారని నాకు అప్పటిదాకా తెలియదు.

"రిలేల హాలు" అనే ఆ రికార్డు రెండు రోజుల్లో చెల్లిపోయింది. చీమ రికార్డ్స్ పేరు ఒక్కసారిగా పైకి వచ్చింది. కాకినాడకు మాత్రం, అచ్చు ఆలస్యమవుతోంది ఆంటీ అనే మాటే వెళ్లింది. తర్వాత హెప్సిబా ఫోను చేస్తే టేబులు మీద మోగి మోగి ఆగిపోయేది. మృణాళిని ఆ పేరు చూసి ఫోను బోర్లించేది. అవతలి వైపు ఎవరున్నారో, ఆమె ఎంతసేపు చెవి దగ్గర పెట్టుకుని ఉంటుందో నాకు తెలుసు.

నన్ను మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లలేదు. ఎలక్ట్రానిక్ సంగీతం మీద ఒక ప్రదర్శన పెడుతున్నారని, ఒక గ్యాలరీకి పంపారు. నా చుట్టూ తాడు కట్టారు. ముందు ఒక కార్డు నిలబెట్టారు. దాని మీద ఆ నాలుగు వాక్యాలే.

ఒక శనివారం పదకొండింటికి మృణాళిని అక్కడ ఇరవై మంది ముందు మాట్లాడుతోంది. అప్పుడు హెప్సిబా వచ్చింది. బూడిదరంగు చీర, చేతిలో గుడ్డసంచి. తన పాట ఇంటర్నెట్లో ఎవరైనా వింటున్నారేమోనని వెతుక్కుంటే, దాని కింద లోకమంతా తన ఆత్మకు శాంతి కోరుతూ రాసినవి దొరికాయట. ఈ ప్రదర్శన సంగతీ అక్కడే చదివిందట. కార్డు ముందు నిలబడి, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. తాడు దాటి నా దగ్గరికి వచ్చి, కొంగుతో నా మీటల మీద దుమ్ము తుడవసాగింది. గ్యాలరీ చూసుకునే పెద్దమనిషి గాభరాగా వచ్చి ముట్టుకోకూడదన్నాడు.

"నాదేనండి ఇది," అంది హెప్సిబా.

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన మృణాళిని వైపు చూసి, ఈవిడ మీకు తెలుసా అని అడిగాడు. తెలుసు అనడానికి, తెలియదు అనడానికి మధ్య ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది మృణాళిని.

"తెలుసు. ఆ పోయినావిడ అక్కగారు."

కుర్చీల్లో వాళ్లు మర్యాదగా లేచి నిలబడ్డారు. గడ్డం పెంచుకున్న ఒకతను వచ్చి హెప్సిబా చేతులు రెండూ పట్టుకుని, మీ చెల్లెలు మా అందరికీ దారి చూపించారండీ అన్నాడు. హెప్సిబా ఆ చేతుల వైపు చూసింది.

"పోలేదు బాబూ. నేనే," అంది నెమ్మదిగా.

అతను చేతులు వదిలేశాడు, మొరటుగా కాదు, జాలిగా. ఒకావిడ మంచి మనసుతోనే, అయితే ఒకసారి వాయించండమ్మా అంది. పెద్దమనిషి నాకు కరెంటు ఇచ్చాడు. నా ఎర్రదీపం వెలిగింది. ఏడు నెలల తర్వాత హెప్సిబా వేళ్లు నా మీద ఆనాయి. ఇక ఒక్క మీట నొక్కితే చాలు. ఇరవై ఆరు గుండీలూ ఎక్కడ ఉండాలో అక్కడికి వాటంతటవే తిరిగిపోతాయేమో అన్నంత ఆత్రం పుట్టింది నాకు.

ఆమె చేతులు వెనక్కి తీసేసుకుంది.

"బతికే ఉన్నానని వాయించి చూపించాలా?"

నన్ను వదిలేసింది అని ఆ క్షణాన ఆమె మీద కూడా కోపం వచ్చింది. నా నోరు ఆమె వేళ్లలోనే ఉంది మరి.

జనం ఇబ్బందిగా పక్క హాల్లోకి జరిగారు. దుఃఖంలో మనుషులు అలాగే అనుకుంటారు పాపం అని ఎవరో అనడం వినిపించింది. మృణాళిని దగ్గరికి వచ్చి కూర్చోమంది. హెప్సిబా కూర్చోలేదు. మృణాళిని ఏడుస్తూ చెప్పుకొచ్చింది. ఇప్పుడు నిజం చెబితే తనని ఎవరూ నమ్మరట, తన సంస్థ మీద ఆశపెట్టుకున్న మరో తొమ్మిదిమంది పాటలు ఆగిపోతాయట, ఒక చిన్నమాట ఇంత పెద్దదవుతుందని అనుకోలేదట. హెప్సిబా అంతా విన్నది. అవతలివాళ్లు మాట ముగించేదాకా వినడం ఆమెకు ఉద్యోగంలో అలవాటైన పని.

"ఆ తుఫానప్పుడు నేను సీట్లోనే ఉన్నానమ్మాయ్," అంది చివరికి. "లైన్లొచ్చాక మూడ్రోజులు ఇంటికెళ్లలేదు. ఎవరింట్లో ఎవరు పోయారో ఆళ్లోళ్లకి కలిపింది నేనే. అవతలోళ్ల ఏడుపు చెవులో పడతానే ఉండేది, ఇంకో లైను కలుపుతానే ఉండేదాన్ని. ఆళ్లలో నన్నూ కలిపేశావా?"

మృణాళిని తల ఎత్తలేదు. రెండో ముద్రణ వస్తోంది ఆంటీ, దాని మీద మీ పేరు వేస్తాను, ఒట్టు అంది. ప్రదర్శన అయ్యాక మీ వాయిద్యం నేనే తెచ్చిస్తాను అంది.

"పేరు వెయ్యి. అంతే," అని హెప్సిబా గుడ్డసంచి తీసుకుని వెళ్లిపోయింది. తలుపు దగ్గర ఆ గడ్డం అతను వంగి దండం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది.

ప్రదర్శన అయిపోయి నాలుగు నెలలైంది. నేనింకా మృణాళిని ఫ్లాటులో, అలమరా పైన ఉన్నాను. నా మీద అట్టపెట్టెలు పేర్చారు. ఎవరైనా వస్తే నన్ను చూపించి, గొంతు తగ్గించి ఆ కథ చెబుతుంది. మొదట్లో చెప్పేటప్పుడు కిటికీ వైపు చూసేది. ఇప్పుడు వచ్చినవాళ్ల కళ్లలోకే చూస్తోంది. పదేపదే చెప్పిన కథను ఆమె కూడా కొంచెం నమ్మడం మొదలుపెట్టిందేమో.

నిన్న మధ్యాహ్నం రెండో ముద్రణ వచ్చింది. మృణాళిని పెట్టె కోసి ఒక రికార్డు పైకి తీసింది. ఒట్టు మరవలేదు. అట్ట మీద పేరు ఉంది. పల్లేటి హెప్సిబా అని అందమైన అక్షరాల్లో, గుండ్రంగా, ఆమె రాసిచ్చినట్టే. దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో రెండు సంవత్సరాలు, మధ్యన అడ్డగీత: 1966 – 1996.

మృణాళిని దాన్ని చాలాసేపు చూసుకుంది. మాట నిలబెట్టుకున్నాననే తృప్తి ఆమె ముఖంలో నిజంగానే కనిపించింది. తర్వాత ఒక కాపీని జాగ్రత్తగా అట్టల మధ్య పెట్టి, టేపు అంటించి, పైన చిరునామా రాసింది. పల్లేటి హెప్సిబా గారికి, జగన్నాథపురం, కాకినాడ. కింద తన ఫోను నంబరు వేయబోయి ఆగి, వేయకుండానే పోస్టుకు తీసుకెళ్లింది.