పన్నెండు టోపీలు, తొంభైయారు కొలువులు

నేను ఒక పసుపుపచ్చ హెల్మెట్‌ని. తలలను కాపాడడానికి పుట్టాను. కాపాడదగ్గ తల ఒక్కటే ఎదురైంది, దాని మీద నిలవలేకపోయాను.

వేడి ప్లాస్టిక్ ముద్దను అచ్చులో నొక్కి నన్ను తయారుచేశారు. పదకొండు మంది తోబుట్టువులతో అట్టపెట్టెలో కుక్కి అనంతపురం జిల్లాలోని ఒక సోలార్ పార్కుకు తోలారు. ఒకప్పుడు వేరుశనగ పండిన నేల అది. అందులో నాలుగెకరాలు ఓబుళమ్మవి. భూమి కౌలుకిచ్చిన ప్రతి ఇంటికీ ఒక పర్మినెంటు ఉద్యోగం అన్నారు. ఆ మాట పట్టుకుని మూడేళ్లుగా ఆమె, పిలిచినప్పుడల్లా వచ్చి దినకూలికి సోలార్ పలకలు తుడుస్తోంది.

నేను మొదట ఎక్కిన తల సూపర్‌వైజర్ జయరాముడిది. దాని మీద కొబ్బరినూనె ఉంది. లోపల అదీ లేదు.

ఒకరోజు పట్నం నుంచి ఇద్దరు లెక్కల అధికారులు దిగారు. ఎండ కరెంటూ గాలి కరెంటూ కలిసి రాష్ట్రంలో ఎన్ని కొత్త కొలువులిచ్చాయో తేల్చాలట. పలకలు తుడిచే చేతులు చూస్తే చాలు, తేలిపోయేది. వాళ్లకు అంత ఓపికెక్కడిది? షామియానా నీడ వదలకుండా తలలే చూశారు. హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగితే ఒక ఉద్యోగం. ఉన్నవి పన్నెండు హెల్మెట్లే. అయితేనేం, ఒక్కొక్కరం ఎనిమిదేసి తలలెక్కాం. నా వంతుకు టీకొట్టు యజమాని, మేకల కాపరి, జయరాముడి బావమరిది, ఆ ఊరికి పెళ్లిపిలుపుకొచ్చిన చుట్టం వగైరాలు. ఫొటోలో అందరికన్నా కష్టజీవిలా పడింది ఆ చుట్టమే.

అందరి తర్వాత ఓబుళమ్మ వచ్చింది. ఆమె కొప్పు మీద నేను జారిపోయాను.

“నీ కొప్పుకు ఇది పట్టదక్కా. ఫొటో చెడిపోతాది, పక్కకు నిలబడు,” అన్నాడు జయరాముడు.

“మూడేండ్లు తుడిచింది నేను గదా సారూ!”

“ఎవరు కాదన్న్యారు? మళ్లీ లెక్కకు చూస్తాంలే.”

తొంభైయారు కొలువులని పేపర్లో పడింది. మమ్మల్ని పంపుషెడ్డులో విసిరేశారు. ఓబుళమ్మ నన్ను కొంగు చాటున ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి పనికి పోలేదు. ఆమె పోకపోతే తక్కిన ఆడకూలీలూ కదల్లేదు.

నెల తిరక్కుండానే దుమ్ము పట్టి పలకలు ఎర్రబారాయి. కరెంటు సగానికి పడిపోయింది. పైనుంచి చీవాట్లు తిని జయరాముడు ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

“రాక్కా, పలకలు తుడువు.”

“తొంభైయారుమంది ఉండారంట గదా! వాళ్లను పిల్చుకోపో.”

“ఎగతాళి చేస్తాండావా?”

“నీ అంత నాకు చాతకాదులే సారూ.”

వారానికి ఉద్యోగ కాగితం పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆమె పక్కింటి టీచరమ్మతో రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది.

“ఇంగ ఫొటో ఒకటి గావల్ల. మా హెల్మెట్ నీ కాడుందంట?”

మూలన గడ్డి మీద వెల్లకిలా ఉన్న నన్ను చూసి చెయ్యి పెట్టాడు. నాలో కూర్చున్న కోడిపెట్ట కస్సున పొడిచింది.

“ఇంగా పద్దినాలు ఆగల్ల సారూ,” అంది ఓబుళమ్మ. “అది పనిలో ఉండాది.”

ఫొటో లేకుండానే కాగితం ఇచ్చి, వేలు చప్పరించుకుంటూ వెళ్లాడు జయరాముడు. బోర్లా ఉన్నన్నాళ్లూ అంతమంది పనిలేనివాళ్ల చెమట కంపు మోశాను. ఇప్పుడు నాలో తొమ్మిది గుడ్లున్నాయి, వెచ్చగా.