ఎనిమిది చేతుల పట్టు

నేను ఒక రబ్బరు ఆక్టోపస్‌ని. ఊదారంగు, జానెడు పొడవు, రెండు కళ్లూ ఒకే వైపు చూస్తాయి. అచ్చులో వేడి రబ్బరు పోసి మూత బిగించాక నేను పుట్టడానికి పట్టింది నలభై సెకన్లు. ఒక తిమింగలంతోనూ రెండు పీతలతోనూ కలిపి నన్ను ఒక సంచిలో వేసి, "మూడేళ్లు దాటిన పిల్లలకు" అని చీటీ అంటించారు. కొన్నవాళ్లు చీటీ చదవలేదు. తొమ్మిది నెలల పాప చేతికిచ్చారు. ఏడాదిపాటు నా కాపురం ఆ పాప నోట్లోనే.

పాప మేనమామ త్రినాథరావు కాకినాడలో లెక్కల లెక్చరర్. ఒకరోజు నన్ను నేలమీంచి ఎత్తి చేతులు లెక్కపెట్టాడు. ఎనిమిదీ సరిపోయాయి. పాపకో బిస్కట్ ప్యాకెట్టిచ్చి నన్ను జేబులో వేసుకున్నాడు. ఆ క్షణం నుంచి నేను సముద్ర రాక్షసిని.

ఆదివారం మధ్యాహ్నాలు అతని మేడగదిలో ఒక ఆట జరుగుతుంది. బల్ల చుట్టూ కూర్చుని కథ ఆడతారు. కథ నడిపేది త్రినాథరావు. మిగతావాళ్లు వీరులు. కొట్టాలన్నా దూకాలన్నా ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. తగువొస్తే చూసుకోవడానికి నాలుగొందల పేజీల రూల్సు పుస్తకం ఉంది. తగువు రాని ఆదివారం నేనింతవరకూ చూడలేదు.

ఆ పుస్తకంలో మనిషిని కత్తితో నరకడానికి ఒక్క వాక్యం చాలు. అదే మనిషిని ఊరికే చేత్తో పట్టుకోవాలంటే రెండున్నర పేజీలు. ఎవరైనా "పట్టుకుంటాను" అన్నారంటే చాలు, ప్లీడరు పేర్రాజు కిటికీలోంచి కింది కొట్టుకి టీ కేకేసేవాడు. గోళ్లు, కోరలు, కొమ్ముల్లాంటి పుట్టు ఆయుధాలకు వేరే అధ్యాయం. వాటిని సహజ దాడులంటారు. పదేళ్లు సాము చేసిన వీరుడు ఒక దెబ్బ కొట్టేలోపు పులి మూడు కొట్టొచ్చు. నేనైతే ఎనిమిది. పాప నన్ను నమిలే రోజుల్లో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

పళ్ల డాక్టరు నస్రీన్ ఆడే వీరురాలి పేరు రుద్రాణి. నాలుగేళ్లుగా ఒకటే పాత్ర. ఆమె బలాలు, గాయాలు, ఆయుధాలు అన్నీ ఒక కాగితం మీద ఉంటాయి. పాత్ర చస్తే ఆ కాగితాన్ని అందరి ముందూ చింపెయ్యాలి. ఆ గదిలో అది కట్టుబాటు. చింపాక ఆ పేరుతో మళ్లీ ఆడకూడదు.

ఆ ఆదివారం రుద్రాణి పడవ నడిసముద్రంలో ఉండగా త్రినాథరావు నన్ను తీసి దాని పక్కన పెట్టాడు. పాచిక వేశాడు. నా మొదటి చెయ్యి రుద్రాణిని చుట్టేసింది. కత్తి నీళ్లలో పడింది. ఇంకో రెండు దెబ్బలు తగిలితే ఆమె పని అయిపోయినట్టే.

"ఇంకా ఏడు చేతులున్నాయమ్మా," అన్నాడు త్రినాథరావు, పాచిక ఎత్తి.

"ఆగండి మాస్టారూ!" పేర్రాజు లేచి నిలబడ్డాడు. "పట్టుకున్నవాడు కూడా పట్టులో ఉన్నట్టే. రెండో పేరా. మిగతా చేతులతో కొట్టడం కుదరదండి."

"మూడో పేరా చదవండి. కుదురుతుంది."

"అది జంతువులకు కాదండి."

"పేర్రాజు గారూ, వాయిదా అడగడానికి ఇది మీ కోర్టు కాదు."

"కోర్టయితే ఇంకో ఇరవై ఏళ్లు రుద్రాణికి ఢోకా ఉండదండి!"

గంట గడిచింది. రెండుసార్లు టీ వచ్చింది. నస్రీన్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. చెమటకు మడత దగ్గర కాగితం చిరుగుతోంది.

చివరికి పేర్రాజు చొక్కా చేతులు మడిచాడు. "ఇలా తేలదు. నన్ను ఒంటిచేత్తో పట్టుకోండి. రెండో చేత్తో పాచిక వెయ్యండి. వేశారా, ఏడు దెబ్బలూ ఒప్పుకుంటాను."

త్రినాథరావు ఒప్పుకున్నాడు. యాభై దాటిన ఇద్దరు మనుషులు చాప మీద పడ్డారు. కుర్చీ ఒకటి బోర్లా పడింది. లెక్కల మాస్టారి ఎడంచెయ్యి ప్లీడరు మెడ చుట్టూ బిగిసింది. కుడిచెయ్యి బల్ల మీదికి పాకింది. వేళ్లు పాచికను అందుకున్నాయి. నస్రీన్ కళ్లు మూసుకుంది.

అప్పుడు పేర్రాజు కరిచాడు.

కేక కింది టీకొట్టు దాకా వినిపించింది. పాచిక మంచం కిందికి దొర్లింది. పట్టు వదిలిపోయింది.

"కరిచారేంటండీ!"

"వదిలించుకున్నానండీ."

"మనుషులకు కాటు లేదు! సహజ దాడుల పట్టికలో మనిషి పేరే లేదు!"

నస్రీన్ వచ్చి మాస్టారి మణికట్టును కిటికీ వెలుతురుకి తిప్పింది. రోజూ చూసే వ్యవహారమే. "పై వరస నాలుగు, కింది వరస మూడు దిగాయండి. రక్తం కూడా వస్తోంది. ఇది దాడి కాదంటారా మాస్టారూ? దాడే అయితే, నా రుద్రాణి కూడా కరిచి పట్టు వదిలించుకుంటుంది."

త్రినాథరావు పుస్తకం వైపు చూశాడు. మణికట్టు వైపు చూశాడు. మళ్లీ పుస్తకం వైపు చూశాడు. అతను ఎంత మొండివాడైనా లెక్కల మాస్టారు. నిరూపణ కళ్లముందు కనిపిస్తుంటే కాదనలేడు. నన్ను పడవ పక్కనుంచి తీసి జేబులో పెట్టుకుని ఇంజెక్షన్‌కి బయల్దేరాడు.

"ఏం కరిచిందండీ? కుక్కా, కోతా?" అడిగింది ఆస్పత్రి నర్సు.

"ప్లీడరండి."

నర్సు ఫారం మీద పెన్ను ఆనించింది. "పెంపుడా, వీధా అని రాయాలండి ఇక్కడ."

మరుసటి వారం త్రినాథరావు మనిషి కాటు మీద నాలుగు పేజీల కొత్త రూల్సు రాసుకొచ్చాడు. పేర్రాజు మొదటి పేరాకే అభ్యంతరం చెప్పాడు. నన్ను మాత్రం మళ్లీ ఆటకి తీసుకెళ్లలేదు. ఓడిన జంతువని నస్రీన్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు ఆమె క్లినిక్ అద్దాల బీరువాలో, ప్లాస్టర్ దవడల మధ్య ఉంటున్నాను. నోళ్లలో బతకడం నాకు కొత్తేం కాదు.

ఇక్కడినుంచి ఆమె బల్ల బాగా కనిపిస్తుంది. మొన్న ఇద్దరు పేషెంట్ల మధ్య ఖాళీలో ఆమె, మడత దగ్గర చిరిగిన పాతదాని బదులు, రుద్రాణికి కొత్త కాగితం తయారుచేసింది. పేరు, వయసు, గాయాలు ఎక్కించింది. ఆయుధాల దగ్గర కత్తి, డాలు రాసింది. వాటి కింద "పళ్లు, ముప్పైరెండు" అని రాసి ఆగింది. ఆట మొదలెట్టిన రెండో ఏట గదాయుద్ధంలో రుద్రాణికి ఒకటి ఊడిన సంగతి గుర్తొచ్చినట్టుంది. కొట్టేసి ముప్పైఒకటి చేసింది. తర్వాత గంట కొట్టి పేషెంటుని పిలిచింది.