పాటకు ముందు ఊపిరి

కట్టుడు పళ్ళు తయారుచేసే చోట ఆమె పని సాయంత్రానికి అయిపోతుంది. చేతులకంటిన మైనం కడుక్కుని, పక్క వీధిలో భర్త నడిపే లాండ్రీకి వెళుతుంది. ఆయన ఇస్త్రీపెట్టె ఆపి షట్టరు దించుతాడు. ఇద్దరూ బస్సెక్కి రికార్డింగ్ స్టూడియోకి పోతారు. ఆమెది బేస్ గిటార్, ఆయనది డ్రమ్స్. లీడ్ గిటార్ వాయించే లెక్కల మాస్టారు అప్పటికే వచ్చి, తీగలు శ్రుతి చేసుకుంటూ, వీళ్ళు ఆలస్యం చేశారని సణుగుతుంటాడు.

పాడేవాడే లేడు. ఆయన ఆమె సొంత అన్న. ఒకప్పుడు కుర్రకారును ఊపేసిన రాక్ బ్యాండు వాళ్ళది. అన్న పోయాక తలో దారి పట్టారు. ఇన్నాళ్ళకు ఒక కంపెనీ వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి, పాత పాటలతో కొత్త ఆల్బమ్ చెయ్యమంది.

అన్నకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. పాట ఎత్తుకునే ముందు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటే తప్ప గొంతు లేచేది కాదు. అందుకని డ్రమ్మర్ నాలుగు లెక్కపెట్టాక అందరూ ఆ ఊపిరి కోసం ఆగేవారు. పత్రికలవాళ్ళు అది వాళ్ళ శైలి అని రాశారు. వీళ్ళు కాదనలేదు. ఇప్పటికీ ఆగుతున్నారు, ఎందుకంటే ఊపిరి ఇప్పటికీ వస్తోంది. ముందున్న ఖాళీ మైకు దగ్గర అన్న ఊపిరి పీలుస్తాడు, చివర్లో పిల్లికూతతో సహా. పాట మాత్రం పాడడు. మొదటిరోజు సౌండ్ ఇంజనీరు మైకుకు కాస్త ఎడంగా జరగమన్నాడు. ఊపిరి జరిగింది.

ఇక పాడేదెవరన్నదే పేచీ. అన్న గొంతును అచ్చుగుద్దినట్టు దించే అబ్బాయి ఒకడున్నాడు, కంపెనీకి అతనే కావాలి. ఆమె బతిమాలితే ఒక్క పాటకు ఒప్పుకున్నారు. అది ఇంజనీరుకు నచ్చితే ఆల్బమంతా ఆమెది, లేకపోతే రేపటినుంచి ఆ అబ్బాయిది. ఆమె వయసంతా అన్న వెనక మైకులో వంత పాడటంతోనే గడిచింది. ముందు నిలబడి పాడాలని ఆమెకు ఎంత కోరికంటే, పళ్ళ అచ్చులు పోస్తూ కూడా అవే పాటలు గొణుక్కునేది.

"నీకు రాదని కాదు," అన్నాడు భర్త బస్సులో. "జనం మీ అన్న కోసం కొంటారు. ఆ అబ్బాయి పాడితే వాళ్ళకు మీ అన్న దొరుకుతాడు."

"నేను పాడితే?"

"నువ్వే దొరుకుతావు."

ఆయనకు అబద్ధాలు చేతకావు. ఆమె మనసు చివుక్కుమంది. దిగేదాకా కిటికీవైపే చూస్తూ కూర్చుంది.

ఆ ఒక్క పాటలో చాలా పొడుగాటి లైను ఒకటుంది. అన్న ఎప్పుడూ దాన్ని మధ్యలో విరిచేవాడు. రాయడమైతే రాశాను గానీ అంత ఊపిరి నా దగ్గర లేదు అని నవ్వేవాడు. అభిమానులంతా విరిచే పాడతారు. ఆ అబ్బాయీ అక్కడే విరుస్తాడు. ఆమె ఊపిరితిత్తులకు ఏ రోగమూ లేదు, అయినా ఆమె కూడా వెనక మైకు దగ్గర నిలబడి, అన్న ఊపిరి కాగానే ఎత్తుకుని, సరిగ్గా అక్కడే విరిచింది. ఎన్నిసార్లు పాడినా అంతే.

ఇంజనీరు అద్దం వెనకనుంచి నిదానంగా చెప్పాడు. "ఆయనలాగే పాడేటట్టయితే ఆ అబ్బాయే నయం కదమ్మా."

మాస్టారు తల దించుకున్నాడు. "ఇంకొక్కసారి," అంది ఆమె.

భర్త నాలుగు లెక్కపెట్టాడు. ముందు మైకు దగ్గర ఊపిరి రాలేదు. డ్రమ్ము పుల్లలు ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. అంతలో ఊపిరి ఆమె వీపు వెనకనుంచి వచ్చింది. ఎన్నడూ లేనంత నిండుగా, పిల్లికూత లేకుండా వచ్చి, నేరుగా ఆమె రొమ్ములోకి దిగింది. ఆమె పక్కటెముకలు విచ్చుకున్నాయి. ఎవరి కోసమూ చూడకుండా ఎత్తుకుంది. పొడుగాటి లైను ఈ చివరినుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగిపోయింది. భర్త అలవాటుకొద్దీ మధ్యలో ఆగి, నాలుక కరుచుకుని, పరుగున వచ్చి కలిశాడు.

పాట అయ్యాక ఇంజనీరు అద్దం వెనకనుంచి తలూపాడు. భర్త వరండాలోకి వెళ్ళి కంపెనీకి ఫోన్ చేశాడు. ఆ అబ్బాయిని రావద్దనండి, పాడే మనిషి మా దగ్గరుంది అన్నాడు.

రెండో పాటకు నాలుగు లెక్కపెట్టి అందరూ ఆగారు. ముందు మైకు దగ్గరా లేదు, వెనకా లేదు. మాస్టారు గది మూలలు కూడా చూశాడు.

"ఇంక రాడు," అంది ఆమె. గిటార్ వైరు కాళ్ళకు అడ్డం పడకుండా పక్కకు లాక్కుని, ముందు మైకు దగ్గరకు వెళ్ళి నిలబడింది. "ఆగకుండా వాయించు."

భర్త మళ్ళీ లెక్కపెట్టాడు. అన్న నిజంగా పోయాడని ఆమెకు అప్పుడు తెలిసింది. నాలుగు అయిపోయింది, ఎవరూ ఆగలేదు. ఆమె పాడింది.