మూత లోపలి గీతలు

పొద్దున్న ఆవిడ చేసే పనుల్లో బోర్డు తుడవడం ఆఖరిది. పాలు కాచి, అత్తగారికి మాత్రలిచ్చి, ఆయన క్యారియర్ సర్ది, పిల్లను బడికి పంపి, గిన్నెలు తోమి, అప్పుడు తడిగుడ్డ పట్టుకుని స్టూలెక్కుతుంది. రేకు మీద నల్లటి అక్షరాలు: ఇచ్చట గడియారములు బాగుచేయబడును. నాన్న స్వయంగా రాసుకున్న బోర్డు. ఆయన పోయాక కొట్టు అన్నదమ్ములు పంచుకున్నారు. బోర్డూ పనిముట్లూ వాళ్ళకి అక్కర్లేకపోయాయి. పని నేర్చుకున్నది ఆవిడొక్కతే కనక అవి ఆవిడకి దక్కాయి.

ఆ రోజు స్టూలు దిగేసరికి మున్సిపాలిటీ మనిషి గేటు దగ్గరున్నాడు. కాగితం చేతిలో పెట్టి సంతకం పెట్టించుకుని చక్కా పోయాడు. ఇళ్ళున్న వీధిలో వ్యాపారపు బోర్డు ఉండకూడదట. పదిహేను రోజుల్లో తీసెయ్యాలి, లేదంటే అప్పీలు చేసుకోవాలి. కాగితం ఇంటి యజమాని పేరున, అంటే భర్త పేరున వచ్చింది.

అత్తగారైతే పీడా పోయిందనేసింది. ఆయనేమంటాడో అని సాయంత్రం దాకా ఆవిడ గుండెలు చిక్కబట్టుకుని తిరిగింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "మన గోడ మీది బోర్డు తియ్యమనడానికి వాడెవడు? అప్పీలు నేను రాస్తాను, నువ్వు చూస్తూండు" అన్నాడు. ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆయన తన పక్షాన నిలబడి ఎవరితోనైనా పోట్లాడడం ఇదే మొదలు. ఆ వారమంతా ఆయన అడక్కుండానే రెండోసారి కాఫీ ఇచ్చింది. పిచ్చిది, రాసిందేమిటో చూపించమని మాత్రం అడగలేదు.

ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ బల్ల. కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకుంటే ఊపిరి కూడా లెక్కగా తీసుకోవాలి. సరిగ్గా అప్పుడే, "అమ్మాయ్, మంచినీళ్ళు" అని లోపలినుంచి అత్తగారి కేక. ఆయన పనిచేసే కంపెనీ మూతపడిన రెండేళ్ళూ ఆ బల్లే ఇల్లు నడిపింది. ఆ రెండేళ్ళలోనూ చుట్టాలొస్తే అత్తగారు బల్ల మీద దుప్పటి కప్పించేది. "ఏదో, చేతులు ఊరుకోక" అని నవ్వేది. ఆయనకి మళ్ళీ ఉద్యోగం దొరగ్గానే, "ఇంక నీకు కష్టం లేదులే, కాలక్షేపానికి చేసుకో" అన్నాడు. బల్ల మీద పని చిటికెడు కూడా తగ్గలేదు. దాని పేరే మారింది. ఆ దుప్పటి చాలాసార్లు తన చేత్తో తనే కప్పానని ఆవిడకి ఇప్పటికీ సిగ్గు.

నాన్న నేర్పిన అలవాటొకటి మాత్రం మానలేదు. వాచీ విప్పి బాగుచేస్తే, వెనక మూత లోపల సూదితో తేదీ, పక్కన తన గుర్తు గీకి మూసెయ్యాలి. రేపు అది చెడితే తిట్టు కూడా మనకే రావాలమ్మా అనేవాడాయన. వాచీ పెట్టుకున్నవాళ్ళు మూత తియ్యరు కనక ఆ గీతల సంగతి వాళ్ళకి తెలియదు.

విచారణ రోజు భార్యాభర్తలిద్దరినీ ఆఫీసు వరండాలో బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టారు. లోపల ఆఫీసరు ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో అప్పీలు పైకి చదివాడు. మా ఇంట్లో ఏ వృత్తీ, ఏ వ్యాపారమూ జరగడం లేదు. ఎటువంటి రిపేర్లూ జరగవు. సదరు బోర్డు మా మామగారి జ్ఞాపకార్థం ఉంచుకున్న అలంకారపు వస్తువు. నా భార్యకు ఇంట్లో ఏ పనీ లేదు.

అలాగైతే అది వ్యాపారపు బోర్డే కాదు, ఉంచుకోవచ్చు అన్నాడు ఆఫీసరు. ఆ మాట నిజమని ఆవిడ కూడా సంతకం చేస్తే సరిపోతుందట. కాగితం ఆవిడ వైపు తిప్పాడు.

భర్త చెవి దగ్గరకి వంగాడు. "చూశావా తెలివి? పెట్టెయ్. బోర్డుకి బోర్డూ ఉంటుంది, లోపల నీ కాలక్షేపమూ నీకుంటుంది."

ఆవిడకి కోపం కంటే ముందు అవమానం వచ్చింది, ఆ కాఫీలన్నీ గుర్తొచ్చి. ఇన్నాళ్ళూ తన పని వాళ్ళకి కనబడలేదనుకుంది. కనబడకపోవడమేమిటి, ఇంట్లో ఏది లేదని రాయాలో ఆయనకి ఎంత బాగా తెలుసు! సంతకం పెడితే నాన్న అక్షరాలు గోడ మీద ఉంటాయి. పెట్టకపోతే ఉండవు. ఇంట్లో దుప్పటి కప్పింది చాలక ఇప్పుడు ఆఫీసులో, ముద్ర వేయించి కప్పమంటున్నారు. ఈసారి కూడా తన చేత్తోనే.

"మీ వాచీ ఒకసారి ఇవ్వండి" అంది భర్తతో.

టైము చూడ్డానికనుకుని ఇచ్చాడు. ఆవిడ సంచీలోంచి చిన్న చాకు తీసి, వెనక మూత టక్కున లేపి, ఆఫీసరు ముందు వెల్లకిలా పెట్టింది. లోపల సన్నటి గీతలు, ఐదు తేదీలు, ఐదు గుర్తులు.

"ఇవి నా రిపేర్లు. ఊళ్ళో ఇలాంటి మూతలు వందలున్నాయి. నేను సంతకం పెట్టను."

"బోర్డు పోతుందమ్మా, ఆలోచించుకోండి" అన్నాడు ఆఫీసరు మెల్లగా.

"పోనివ్వండి."

మూడు రోజుల గడువిచ్చారు. అప్పీలు మీద అబద్ధమని ఎర్రసిరాతో రాశారు. దారిలో ఆయన పది అడుగులు ముందే నడిచాడు. నలుగురిలో తల కొట్టేసిందని ఇంట్లో అత్తగారికి చెప్పుకున్నాడు. ఆవిడ మొహం చూడడం మానేశాడు. అత్తగారు సరే, మాత్రలు అడగడం తప్ప మాటే లేదు. పెద్దవాళ్ళ మొహాలు చూసి పిల్ల కూడా తల్లితో మాట్లాడ్డానికి జంకింది. అది ఆవిడ తట్టుకోలేకపోయింది, స్నానాలగదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చింది. మూడో రోజు తనే స్టూలెక్కి మేకులు పీకింది. గోడ మీద బోర్డు మేర తెల్లటి మచ్చ మిగిలింది. బోర్డు అటక మీదికి చేరిందనుకున్నారందరూ. బజారులో కళ్ళద్దాల కొట్టాయన తన గల్లాబల్లలో సగం అద్దెకిచ్చాడనీ, బోర్డు అక్కడ బిగించాననీ, ఎన్నాళ్ళు సాగుతుందో తనకే తెలియదనీ ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆఖరిసారి బల్ల తుడుస్తోంది. ఆయన వచ్చి, ఎప్పటిలాగే చేతి వాచీ తీసి బల్ల మీద పడేశాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట.

"ఆగిపోయింది, చూడు."

ఆవిడ వాచీని చిటికెన వేలితో ఆయన వైపే నెట్టింది.

"ఈ ఇంట్లో రిపేర్లు జరగవని మీరే రాసిచ్చారు కదండీ. తొమ్మిదింటికి బజార్లో కొట్టు తెరుస్తాను, అక్కడికి పట్టుకురండి."