ఖాళీ బోర్డు

బాతు బండి తన కొట్టు ముందుకే వచ్చి ఆగుతుందని అద్దాలాయన ఎన్నడూ అనుకోలేదు. ఎండ నడినెత్తికి ఎక్కుతున్న వేళ, వెనక అద్దం ఉండాల్సిన చోట ప్లాస్టిక్ పట్టా అంటించుకుని, పక్కన పసుపు బాతు బొమ్మతో వచ్చి ఆగింది.

మనవరాలు బతికుండగా ఆ బండి ఊసెత్తని రోజు లేదు. అందులో చివరి సీటు తనదేనని, ఇంకెవర్నీ కూర్చోనివ్వనని ఫోన్లో చెప్పేది. కూతురి ఇల్లు ఊరికి ఆ కొసన, ఆయన కొట్టు ఈ కొసన. పిల్లల బడి వ్యాను ఇటు ఎప్పుడూ రాలేదు. ఆయన దాన్ని చూడటం ఇదే మొదలు. ఆ వెనక అద్దాన్ని ఎవరు బద్దలుకొట్టారో, ఎవర్ని బయటికి తీయడానికి బద్దలుకొట్టారో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఈ పాత మోడల్ అద్దం ఊరు మొత్తమ్మీద మీ దగ్గరే ఉందంట కదా పెద్దాయనా," అంటూ దిగాడు డ్రైవరు. "అందరూ తిప్పి పంపారు. మీరూ పొమ్మంటే ఇక ఈ పట్టాతోనే కాపురం."

ఈయన ఎవరో వాడికి తెలియదు. విచారణ జరిగినన్నాళ్ళూ ఈయన ఆస్పత్రిలో కూతురి మంచం దగ్గరే ఉన్నాడు. భార్య పోయాక ఆయనకి మిగిలింది ఆ కూతురు, ఆ కూతురికో కూతురు. ఇప్పుడు అందులో సగమే మిగిలింది. అదీ కొట్టు పైగదిలో గోడకేసి తిరిగి పడుకుని ఉంది.

"ఉంది. బండి అక్కడే ఉండనీ," అన్నాడు. అక్కడ నీడ లేదు.

పని చేసేటప్పుడు ఆయన వినడమే తప్ప మాట్లాడడు. డ్రైవరుది ఆగే నోరు కాదు. అద్దం ఎలా పోయిందని ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. ఓ పిల్ల లోపల ఉండిపోయి ఎండకి మగ్గి చచ్చిపోయిందట. తను మాత్రం పిల్లలందరూ దిగాక చివరి సీటుదాకా నడిచి, చూసి మరీ బోర్డు దించాడట. ఆ తర్వాత ఆ పిల్ల టోపీ మర్చిపోయానని ఎవరి కంటా పడకుండా మళ్ళీ ఎక్కి, తలుపు లాక్కుందట. దొరికినప్పుడు నెత్తిన టోపీ ఉందట. ఇంకేం రుజువు కావాలి?

"టోపీ పారేసుకుంటున్నావని ముందురోజే తల్లి చీవాట్లేసిందంట. ఆ రోజు బండి దగ్గర ఆవిడే ఏడుస్తా చెప్పింది అందరి ముందూ. ఆ భయానికి ఎక్కుంటది. తల్లి నోటి దురుసు, పిల్ల మొండితనం, మధ్యలో నా ప్రాణం మీదికొచ్చింది. ఏదో, ఆ బోర్డు చలవ వల్ల బయటపడ్డా."

అద్దాలాయన రబ్బరు పట్టీ కొలిచి కోశాడు.

ఆ టోపీ మాటే కూతుర్ని లోపల్నించి తినేస్తోంది. కంచం ముందు కూర్చోబెడితే, నేను తిట్టకపోతే మళ్ళీ ఎక్కేది కాదు కదా నాన్నా అంటుంది. మంచినీళ్ళిస్తే అదే మాట. ఊరూ అదే కూస్తోంది. అల్లుడు నోరు తెరిచి అనలేదు గాని, చూడ్డానికి రావడం మానేశాడు. చచ్చింది ఒకతె. రోజూ చస్తున్నది ఇంకొకతె.

ఆ బడి పద్ధతి ఏమిటో ఆ గొడవలో ఊరందరికీ తెలిసిపోయింది. వ్యాను వెనక అద్దం పైన కీలుకి వేలాడే రేకు బోర్డు ఒకటుంది. పిల్లలు బండిలో ఉన్నంతసేపూ దాన్ని పైకప్పుకి మడిచి గడియ పెట్టాలి. అందరూ దిగాక డ్రైవరు పక్క తలుపులోంచి ఎక్కి, చివరి సీటుదాకా నడిచి, చేత్తో గడియ తీసి దించాలి. అప్పుడు బయటివాళ్ళకి 'ఖాళీ' అన్న అక్షరాలు కనిపిస్తాయి. గేటు దగ్గరి ఆయా అది చదివి గేటు మూసుకుంటుంది. బోర్డు దిగి ఉందంటే మనిషి చివరిదాకా నడిచినట్టే. విచారణకి వచ్చినవాళ్ళూ అలాగే అనుకుని చేతులు దులుపుకున్నారు. ఆ రోజు పిల్ల ఎందుకు రాలేదని బడి లోపల ఒక్కరూ అడగలేదు. జ్వరమేమో అనుకున్నారట.

డ్రైవరు టీ తాగొస్తానని వెళ్ళాడు.

పాత రబ్బరు ఊడదీయడానికి అద్దాలాయన పైకప్పు గుడ్డ అంచు పట్టి లాగాడు. బోర్డుకి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట స్క్రూల బెజ్జాలు మాత్రం ఉన్నాయి. పక్కనే చిన్న రింగు. అందులోంచి చేపలు పట్టే నైలాన్ దారం, కంటికి ఆననంత సన్నం, గుడ్డ వెనకాలగా ముందుకి పోయింది. దాని వెంట వేలు పోనిస్తూ ఆయనా వెళ్ళాడు. డ్రైవరు సీటుకీ పిల్లల సీట్లకీ మధ్య ఇనప జాలీ అడ్డం. దారం అక్కడ తెగి ఉంది. తెగింది కాదు, కత్తిరించింది. జాలీకి అవతల, డ్రైవరు చేతికి అందేంత దూరంలో ఓ మేకు.

ఆయన ఇంకో దారం ముక్క తెచ్చి ఆ కొసకి ముడివేశాడు. జాలీలోంచి దూర్చి, లాగి, మేకుకి చుట్టాడు. బోర్డు లేచి పైకప్పుకి అంటుకుంది. వదిలాడు. టప్పున పడింది.

దిగక్కర్లేదు. ఎక్కక్కర్లేదు. వంగి నడవక్కర్లేదు. సీట్లో కూర్చునే బండిని ఖాళీ చేసేయొచ్చు.

పిల్ల మళ్ళీ ఎక్కలేదు. అసలు దిగనే లేదు. తన సీట్లో తాను నిద్రపోయింది. అమ్మ తిట్టిందని, ఈసారి జాగ్రత్తగా టోపీ నెత్తిన పెట్టుకుని మరీ నిద్రపోయింది.

ఆయన దారాన్ని మళ్ళీ మేకుకి చుట్టాడు. తర్వాత కొత్త అద్దం బిగించాడు. ఎప్పటికంటే శ్రద్ధగా బిగించాడు.

అద్దం వేశాక నీళ్ళ పరీక్ష ఆ కొట్టులో మామూలే. బండి తెచ్చినవాడు లోపల కూర్చోవాలి. ఈయన బయట పైపుతో నీళ్ళు కొడతాడు. చుక్క లోపలికి వస్తే వాడే చెప్పాలి. తర్వాత కారుతోందని పేచీకి రాకూడదు. ఫోను తడిస్తే తనని అడగొద్దన్నాడు ఆయన. డ్రైవరు ఫోను తీసి బల్ల మీద పెట్టి, చివరి సీట్లోకి దూరాడు.

"కాస్త చల్లగా కొట్టండి పెద్దాయనా. ఇక్కడ వీపు మాడిపోతోంది," అని నవ్వాడు.

పక్క తలుపు బయటినుంచి తప్ప తెరుచుకోదు, పిల్లలు లాగేయకుండా. కిటికీ అద్దాలు కదలవు, వాటికి లోపలివైపు చువ్వలు, పిల్లలు జారకుండా. అన్నీ పిల్లల క్షేమం కోసమే పెట్టారు. అద్దాలాయన ఆ తలుపు జరిపి మూశాడు. పైపు పట్టాడు. చుక్క రాలేదని లోపల్నించి వాడు చెయ్యూపాడు. ఆయన నీళ్ళు కట్టేసి, ముందు సీట్లోకి ఎక్కి, మేకుకున్న దారం విప్పాడు.

డ్రైవరు మెడ వెనక బోర్డు పడింది. ఆ చప్పుడు వాడికి కొత్త కాదు. వెనక్కి తిరగలేదు. నేరుగా మేకు వైపు చూశాడు, ఆయన వేలికి చుట్టుకున్న దారం చూశాడు. మొహంలో నవ్వు ఇంకిపోయింది.

"ఆ సీటు మా మనవరాలిది," అన్నాడు అద్దాలాయన జాలీలోంచి. "ఎలా ఉంది?"

దిగి, ఆ తలుపు కూడా మూసేశాడు. స్టూలు తెచ్చుకుని కిటికీ ఎదురుగా, ఎండలోనే కూర్చున్నాడు.

వాడు మొదట పరాచకమనుకున్నాడు. తర్వాత బెదిరించాడు. జైల్లో పెట్టిస్తానన్నాడు, కొట్టు నేలమట్టం చేయిస్తానన్నాడు. వెనక అద్దాన్ని తన్నబోయాడు. సీటుకీ అద్దానికీ మధ్య కాలు తిరిగే చోటు లేదు. జాలీ పట్టుకుని ఊపాడు. చొక్కా విప్పేశాడు. దారం ఎవరు కట్టారని ఈయన అడిగితే, తనకేం తెలుసని నీళ్ళు నమిలాడు. ఈయన మళ్ళీ అడగలేదు. పైపు తిప్పి కిటికీ మీద నీళ్ళు పోశాడు, సన్నగా, తీరిగ్గా. వాడు అవతల్నించి చువ్వల సందులో అద్దానికి నోరు ఆనించాడు.

పక్క కొట్టు టైర్లతను పరుగెత్తుకొచ్చాడు. "బాబాయ్, లోపల మనిషున్నాడు!"

"బోర్డు చదువు," అన్నాడు అద్దాలాయన.

టైర్లతను వెనక్కి వెళ్ళి చదివాడు. పక్కనున్న బాతు బొమ్మ చూశాడు. అప్పుడు అర్థమైంది. అయినా తలుపు మీదికి చెయ్యి చాచాడు. ఆయన ఆ చేతిని మెల్లగా పక్కకి తోశాడు.

"పోలీసులకి ఫోను చెయ్యి. ఇద్దరికీ చోటుండే బండి తెమ్మను. వాణ్ణీ తీసుకెళ్ళాలి, నన్నూ తీసుకెళ్ళాలి."

దబదబ బాదుతున్న చప్పుడుకి పైగది తలుపు తెరుచుకుంది. కూతురు గోడ పట్టుకుని మెట్లు దిగింది. రోజూ ఉదయం తన బిడ్డని ఎక్కించిన బండిని చూసి ఆగిపోయింది. లోపలి మొహం గుర్తుపట్టింది. వాడూ గుర్తుపట్టాడు. బాదడం మానేశాడు.

"టోపీ సంగతి చెప్పు దానికి," అన్నాడు తండ్రి.

వాడి పెదాలు అతుక్కుపోయాయి. ఊడదీసుకుని మాట్లాడాడు.

"పాప మళ్ళీ ఎక్కలేదమ్మా. దిగనే లేదు. నేను వెనక్కి పోలేదు. దారం వదిలేశా. రోజూ అంతే. మీరు టోపీ అని ఏడుస్తుంటే విని, దాన్ని పట్టుకుని అల్లేశా."

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "వెనక్కి చూపించే అద్దం ఉంటుంది కదా నీ ముందు. అందులోనైనా చూశావా?" అని అడిగింది.

"లేదమ్మా."

"వినపళ్ళేదు. అందరికీ వినపడేలా చెప్పు."

వాడు అరిచి చెప్పాడు. మొత్తం మళ్ళీ చెప్పాడు. వీధిలో నిలబడ్డవాళ్ళు విన్నారు. టైర్లతను ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఆమె తలుపు పిడి మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. ఎండకి కాలిన ఇనుము చెయ్యి కాలుస్తున్నా అలాగే పట్టుకుని ఉంది. లోపల వాడు సీటు మీదికి ఒరిగిపోతున్నాడు.

"అమ్మడూ," అన్నాడు తండ్రి. "వీడు చస్తే ఈ మాట వీడితోనే పోతుంది. నిన్ను మాటలన్న ప్రతివాడి గుమ్మంలోనూ వీడు నిలబడి చెప్పాలి. బతకనీ. బతకడమే కష్టం."

ఆమె వేళ్ళు ఆయనే విడదీసి, తలుపు జరిపాడు. వాడు నేలమీద పడ్డాడు. పాక్కుంటూ పైపు దగ్గరికి పోయాడు. ఎవరూ అందించలేదు.

ముందు అంబులెన్సు వాళ్ళొచ్చి డ్రైవర్ని ఎక్కించుకుపోయారు. వెనకాలే పోలీసులొచ్చారు. వాళ్ళలో ఎస్సై దారం చూశాడు, మేకు చూశాడు, టైర్లతని ఫోన్లో ఉన్నది విన్నాడు. అంతా అయ్యాక అద్దాలాయన వైపు తిరిగి, వాడి ప్రాణం పోయుంటే ఏం చేసేవాడివని అడిగాడు.

"ఎలా పోతుంది? తలుపు మూసిన దగ్గర్నించి వాడి మీంచి కళ్ళు తియ్యలేదు నేను. మా పిల్లని ఒక్కరూ చూడలేదు."

తప్పు చేశానని అంటే రాసుకుంటానన్నాడు ఎస్సై, కొంచెం మెత్తగా. అద్దాలాయన అనలేదు. పైపు చుట్ట చుట్టి గోడ మేకుకి తగిలించాడు, కొట్టు షట్టరు దించాడు, వెళ్ళి జీపు ఎక్కాడు. ఎక్కాక కూతురి వైపు చూశాడు.

"పైగదిలో అన్నం ఉంది. తిను."

"తింటా," అంది ఆమె. ఆ మాట ఆమె నోట ఇన్నాళ్ళకి వచ్చింది. స్టూలు లాక్కుని బాతు బండి వెనక, బోర్డుకి ఎదురుగా కూర్చుంది. "వీళ్ళు బండి తీసుకెళ్ళిందాకా ఇక్కడే ఉంటా నాన్నా. దీని మీద ఎవరి చెయ్యీ పడనివ్వను. నువ్వెళ్ళు."