పోళా నాడు కారు లాగిన ఎద్దులు

మాండవి అడవిలో పులికి తంబాకు నమిలించి పంపినవాణ్ణి నేనే. ఆ పులి ఇప్పటికీ చెట్ల మొదళ్లలో ఉమ్మేస్తూ తిరుగుతోందని వినికిడి. అది నమ్మకపోయినా నాకు బాధ లేదు. కానీ మా హరిప్రియ కారు మోత సంగతి నిజం. ఎద్దుల తోడు.

హరిప్రియ నా బిడ్డ. సర్ఖని దగ్గర బడిలో టీచరు. నాందేడ్ పక్కనున్న మా ఊరి నుంచి సోమవారం ఒంటరిగా కారు నడుపుకుంటూ అడవి దారిన పోతుంది, శనివారం వస్తుంది. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆ కారుకో రోగం పట్టింది. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేస్తే, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గరగర. ‘ఏంది’ అనేలోగా ఆ మోత ఆగిపోతుంది. కొన్ని పొద్దుల్లో అసలే రాదు. షోరూముకు చేరేసరికి ఇంజను వేడెక్కి, ఇన్‌స్పెక్టరు వచ్చిన నాటి బడిపిల్లల్లా బుద్ధిగా ఉంటుంది. ఓ రాత్రి అక్కడే వదిలి చూశాం. తెల్లారగానే జాగా కోసమని కాపలా మనిషి దాన్ని స్టార్ట్ చేసి పక్కకు జరిపాడు. ఆ మోతేదో అతని చెవినే పడి పోయింది.

“గాడీ బాగానే ఉంది మేడమ్, మీకట్లా అనిపిస్తోందేమో,” అన్నాడు మరాఠీలో అక్కడి సూపర్‌వైజరు నిలేశ్.

“నేను గూడ విన్న,” అన్నాను.

తోడు వచ్చిన మా పక్కింటి దిగంబర్ ఊరుకోలేదు. “కాకా పులి దగ్గు గూడ విన్నడు సాబ్,” అన్నాడు. నా సాక్ష్యం అక్కడికి సరి.

ఇంటి దారిలో హరిప్రియ ఇంజను మోతకే చెవి ఒగ్గి నడిపింది. “నా చెవులే మోగుతున్నయేమో బాపూ. పోనియ్,” అంది చివరికి. నిజం చెప్పే పిల్లకు తన చెవుల మీదే అనుమానం పుట్టడం నాకు ముల్లులా గుచ్చుకుంది. పైగా వారంటీ ఎద్దుల పండుగ పోళా నాటితో సరి. పోళా రేపే.

సాయంత్రం కొట్టంలో కూర్చుంటే ఉపాయం తట్టింది. కారును స్టార్ట్ చేయకుండా, చల్లగా ఉండగానే ఎద్దులతో షోరూముకు లాగించుకుపోతే? కానీ అప్పటికే ఆనవాయితీగా మా ఎద్దులు సర్జా, రాజాల మెడలకు వెన్నా పసుపూ రాసి, “ఇయ్యాల పిలుపు, రేపు భోజనానికి రండ్రి” అని చెవిలో చెప్పేశాను. పోళా నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టరాదు. మనుషులకు ఎన్ని కోతలైనా కోస్తాను గానీ, పిలిచిన ఎద్దులకు మాట తప్పలేను.

ఎద్దుల కొమ్ములకేసే రంగు కోసం వచ్చిన దిగంబర్ నన్ను చూశాడు. “ఏంది కాకా, మొఖం గట్ల పెట్టినవ్?”

చెప్పాను.

“నిజంగ విన్నవా గా మోత?”

“విన్న.”

నా ముఖంలోకి తేరిపార చూశాడు. “గీసారి నీ మొఖంల పులి కనబడ్తలేదు. సరే, ఎద్దులకు రేపు పనికి సుట్టి గాని మనకున్నదా? తాళ్లు తియ్యి.”

పొద్దున్నే వాడలోని మగవాళ్లంతా తాళ్లు భుజానికెత్తుకున్నారు. నిజానికి లాగింది నేనొక్కణ్ణే, వాళ్లు ముచ్చట్లకు వచ్చారు. సరే, కొంచెం వాళ్లూ లాగారు. ఇంజను లేని స్టీరింగు బండరాయిలా ఉంటే, హరిప్రియ రెండు చేతులా దాన్ని తిప్పుతోంది. దిగుడు వచ్చినప్పుడు వెనక్కి తిరిగి, “బ్రేకు గట్టిగ తొక్కు బిడ్డా, ముందున్నది ఎద్దు గాదు, మీ బాపు,” అన్నాను. దారి పక్కన కడిగిన ఎద్దులు మమ్మల్ని వింతగా చూశాయి.

షోరూము చేరగానే నిలేశ్ బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. తలూపాడు. నా బిడ్డ తాళం చెవి తిప్పబోయింది. ఈ పొద్దు ఆ మోత రాకపోతేనో?

గరగర.

నిలేశ్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. “రాత్రంతా నిలబడితే ఆయిలు కిందికి దిగిపోతోంది. లోపలి చైను వదులై కొట్టుకుంటోంది. ఆయిలు ఎక్కగానే ఊరుకుంటోంది. చైను బిగించే సామాను మార్చాలి. వారంటీలోనే చేస్తాం,” అన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా, “మీరు చెప్పింది నిజమే మేడమ్.”

ఆమె అతన్ని చూడలేదు. నన్ను చూసింది. చున్నీతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం ఎద్దుల ఊరేగింపు అయ్యాక హరిప్రియ గిన్నె పట్టుకుని వచ్చింది. తాడు ఒరిసి కందిన నా భుజానికి వెన్నా పసుపూ మెల్లగా రాసింది. చెవి దగ్గరికి వంగి, “ఇయ్యాల పిలుపు బాపూ, రేపు భోజనానికి రా,” అంది.

“కొమ్ములకు రంగెయ్యవా?”

“ఏస్త గని, కదలకు,” అని నా తల పట్టుకుంది.