పిడికిలమ్మ కోటు

ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ వాసన.

ఆ రోజు ఇంట్లో నలుగురు. మిషను దగ్గర అమ్మ, ఎవరివో చొక్కాలు కుడుతూ. ఇస్త్రీ బల్ల దగ్గర తాతయ్య, తనలో తాను గొణుక్కుంటూ. గుమ్మం పక్కన అక్క, దారప్పోగులు ఏరుతూ.

నేల మీద, కోటు మధ్యలో — పిడికిలమ్మ.

నాలుగేళ్ళ పిల్ల. చెంచా పిడికిలితోనే. పెన్సిలు పిడికిలితోనే. ఆ పేరు తాతయ్య పెట్టిందే. చెప్పుల పట్టీ అక్క పెట్టేది. జడకు రిబ్బను అక్క కట్టేది. సీసా మూత అక్క తీసేది. ఆ వేళ్ళకు పనే పడలేదు.

బయట చలిగాలి.

బడిలో ఆటల వేళకు అందరూ కోట్లు తొడుక్కుంటారు. చేతకాని వాళ్ళకు టీచరమ్మ గుండీలు పెడుతుంది. పిడికిలమ్మ పెట్టనివ్వదు. "నేనే" అంటుంది. ఆ "నేనే" పూర్తయ్యేలోపు ఆట అయిపోతుంది. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంది. పిల్లలు పరుగెడుతుంటారు. పిల్లల వెనకే ఆకులు...

ఆకులకు గుండీల్లేవు.

రేపైనా బయటికి వెళ్ళాలి. తన చేత్తో పెట్టుకుని వెళ్ళాలి. ఆ పిల్లకు వేరే కోరిక లేదు.

ఇంటిల్లిపాదీ ఆ వేళ్ళ వెంట పడ్డారు. అమ్మ పిండిముద్ద ఇచ్చి గిల్లమంది. గిల్లింది. తాతయ్య గుడ్డముక్కలోంచి పోగులు లాగమన్నాడు. లాగింది. అక్క తీగ మీద బట్టల క్లిప్పులు పెట్టించింది. బొటనవేలు, చూపుడువేలు — మొదట పోట్లాడుకున్నాయి. తర్వాత మాటలు కలిపాయి.

కానీ గుండీ...

గుండీ కాజా దాకా వస్తుంది. తల దూరుస్తుంది. జారిపోతుంది.

మళ్ళీ.

నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి — మళ్ళీ.

"ఒసే, ఆ కోటే నిన్ను తొడుక్కునేలా ఉందే," అన్నాడు తాతయ్య.

"నవ్వించకు తాతయ్యా. వేళ్ళు మర్చిపోతాయి."

అక్క చేతిలోని పోగులు పక్కన పెట్టింది. పిల్ల కోటు నేల మీదే వదిలి మంచినీళ్ళకని లేచింది. అమ్మ మిషను మీద వంగి ఉంది. అక్క కత్తెర అందుకుంది. ఒక్కో కాజా కొసన రెండు కుట్లు తెంపింది. సందు కాస్త వెడల్పయింది. దర్జీ ఇంటి పిల్ల. ఎక్కడ తెంపితే కంటికి ఆనదో తెలుసు.

పిడికిలమ్మ వచ్చింది. గుండీ పట్టుకుంది.

దూరింది.

మిషను ఆగింది. "పెట్టేసిందర్రా," అన్నాడు తాతయ్య.

పిల్ల నవ్వలేదు. గుండీని లాగింది. ఇట్టే వచ్చింది. నెట్టింది. ఇట్టే దూరింది. కాజా అంచును వేలికొసతో తడిమింది... తెగిన పోగు తగిలింది. వెంట్రుకంత పోగు. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పైకెత్తింది.

"ఎవరు కోశారు?"

"సులువుగా ఉంటుందని..." అంది అక్క.

"కోటే పెట్టుకుంది. నేను కాదు."

అమ్మ మిషను వదిలి వచ్చింది. సూదిలోకి దారం ఎక్కించింది. కోటు ఒళ్ళోకి తీసుకుని తెగిన చోటల్లా కుట్టింది. మునుపటికంటే గట్టిగా. "ఇంద," అంది.

పిల్ల కోటు చంకన పెట్టుకుని పక్కగదికి నడిచింది. అక్క వెనకే వెళ్ళింది.

"ముట్టుకోనులే. ఊరికే చూస్తా."

"చూస్తే నీ చేతులు ఆగవక్కా."

తలుపు మూసుకుంది. అక్క ముఖం మీదే.

అవతల కింది గడియ కదిలింది. పెద్దవాళ్ళకే ఒక పట్టాన లొంగని గడియ.

ఆగింది.

మళ్ళీ కదిలింది.

మళ్ళీ...

పడింది.